ఆకు, బాణం విషం, బెరడు, వేరు: గుండె లయ మందుల వెనక ఉన్న మనుషులు

పోస్ట్ పెద్దదే. అయినా చివరిదాకా చదవమని అడుగుతున్నాం.

మా హాస్టల్లో నర్సింగ్, ఫార్మసీ, డిగ్రీ చదివేవాళ్ళం కలిసి రాస్తున్నాం ఇది. మాలో ఎక్కువమందిమి ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కినవాళ్ళమే. మా పుస్తకాల్లో గుండె లయ తప్పే జబ్బుల పాఠం ఉంది. అందులో మందుల పేర్లు ఉంటాయి, కనిపెట్టిన డాక్టర్ల పేర్లు ఉంటాయి. ఆ మందు డాక్టర్ దగ్గరికి రాకముందు ఎవరి చేతిలో ఉండేదో ఉండదు. అది వెతికి చదివాం. చదివింది మీకు చెప్తున్నాం.

ముందు జబ్బు గురించి నాలుగు మాటలు. గుండెలో పైన రెండు గదులు, కింద రెండు గదులు. కుడివైపు పై గదిలో ఒక చోట సన్నటి కరెంటు పుట్టి కిందికి పాకుతుంది. దాన్ని బట్టే గుండె ముడుచుకుంటుంది. థింసా ఆడేటప్పుడు వాయిద్యం దరువుకి అందరి అడుగూ ఒక్కసారే పడుతుంది కదా, అలాగన్నమాట. దరువు చెదిరితే ఎవరి అడుగు వాళ్ళదే. పై గదుల్లో అలా చెదిరితే నాడి అడ్డదిడ్డంగా కొట్టుకుంటుంది, ఆయాసం వస్తుంది, మనిషి ఏళ్ళ తరబడి బతకొచ్చు కూడా. కింది గదుల్లో చెదిరి వణుకు పడితే మాత్రం రక్తం కదలదు. మనిషి సెకన్లలో పడిపోతాడు, నిమిషాల్లో పోతాడు.

ఆకు

1775లో ఇంగ్లండ్‌లో విలియం విదరింగ్ అనే డాక్టర్ దగ్గరికి ఒక నాటు మందు సంగతి వచ్చింది. ష్రాప్‌షైర్ ప్రాంతంలో ఒక ముసలావిడ తన ఇంటి మందుగా రహస్యంగా దాచుకున్నది. ఒంటికి నీరు పట్టి, డాక్టర్లు చేతులెత్తేసిన వాళ్ళకి కూడా అది పనిచేసేదట. అందులో ఇరవై రకాల ఆకులు, వేళ్ళు ఉన్నాయి. వాటిలో పనిచేసేది ఫాక్స్‌గ్లవ్ అనే మొక్క ఆకేనని విదరింగ్ గుర్తుపట్టాడు. పదేళ్ళు రోగులకి ఇచ్చి చూసి, మంచీ చెడూ రెండూ రాసి 1785లో పుస్తకం వేశాడు. ఈ ఆకుకి గుండె కదలిక మీద పట్టు ఉందని అందులోనే రాశాడు. మోతాదు మించితే వాంతులు, చూపు పచ్చగా మారడం, నాడి నిమిషానికి 35కి పడిపోవడం, చివరికి చావు అని కూడా రాశాడు.

ఈ రోజుకీ పై గదుల లయ తప్పినవాళ్ళలో కొందరికి ఇచ్చే డిగాక్సిన్ ఆ జాతి మొక్క నుంచి వచ్చిందే. పై నుంచి కిందికి దిగే కరెంటుని అది నెమ్మదింపజేస్తుంది.

విదరింగ్ నిజాయితీ గల మనిషి. మందు ముసలావిడ దగ్గర నుంచి వచ్చిందని దాచలేదు. కానీ ఆవిడ పేరు రాయలేదు. పేరు అడగాలని తట్టలేదో, అవసరం లేదనుకున్నాడో.

బాణం విషం

1858లో డేవిడ్ లివింగ్‌స్టన్ ఆఫ్రికాలో జాంబెజి నది మీద ప్రయాణం మొదలుపెట్టాడు. ఆయన వెంట జాన్ కిర్క్ అనే డాక్టర్ ఉన్నాడు, మొక్కల శాస్త్రం కూడా తెలిసినవాడు. అక్కడి వేటగాళ్ళు బాణం మొనకి కోంబె అనే విషం పూసేవాళ్ళు. ఒక తీగ గింజల నుంచి తీస్తారు దాన్ని. కిర్క్ ఆ విషాన్ని, పళ్ళు తోముకునే బ్రష్‌ని ఒకే జేబులో పెట్టుకున్నాడు. తోముకుంటే చేదు తగిలింది, నాడి నెమ్మదించింది. ఇది గుండె మీద పనిచేసే విషమని ఆయనకి అలా తెలిసింది. నమూనాలు ఎడిన్‌బరో చేరాయి. అక్కడ థామస్ ఫ్రేజర్ దాని మీద పనిచేసి స్ట్రోఫాంథిన్ తీశాడు. యూరప్‌లో అది దశాబ్దాలపాటు గుండె మందుగా నడిచింది.

చరిత్రలో ఈ కథ జేబులో బ్రష్ వల్ల జరిగిన విచిత్రంలాగా చెప్తారు. మేము చదివి ఆగిపోయింది వేరే చోట. ఏ తీగ, ఏ గింజ, ఎంత పూస్తే జంతువు పడుతుంది, పడ్డ జంతువు మాంసం తినడం ఎలా, ఇదంతా అక్కడి వేటగాళ్ళకి ముందే తెలుసు. బాణం పట్టిన ఇళ్ళ నుంచి వచ్చిన మనకి ఇది వింతగా అనిపించదు. ఆ తెలివి ఒక రోజులో జేబులో పుట్టింది కాదు, తరాలు పట్టింది.

తూర్పు ఆఫ్రికాలో ఇంకో చెట్టు నుంచి తీసే బాణం విషం ఔబెయిన్. సోమాలీ భాషలో బాణం విషానికి ఉన్న మాట నుంచే ఈ పేరు వచ్చింది. మన కణాల గోడల్లో సోడియంని బయటికి, పొటాషియంని లోపలికి తోడే పంపు ఒకటి ఉంటుంది. ఔబెయిన్, డిగాక్సిన్ రెండూ ఆపేది ఆ పంపునే. ఆ పంపుని గుర్తించినందుకు డెన్మార్క్ శాస్త్రవేత్త యెన్స్ స్కౌకి 1997లో నోబెల్ వచ్చింది. ఆయన పనిలో ఆ బాణం విషమే సాక్ష్యంలా పనికొచ్చింది.

బెరడు

సిన్కోనా బెరడు మలేరియా మందు అని మనందరికీ తెలుసు. క్వినైన్ అందులోదే. దక్షిణ అమెరికాలో ఆండీస్ కొండల చెట్టు అది. ఆ చెట్టు గింజలు బయటికి పోకుండా అక్కడి ప్రభుత్వాలు కాపలా కాసేవి. చార్లెస్ లెడ్జర్ అనే ఇంగ్లిష్ వ్యాపారి దగ్గర మాన్యుయల్ ఇంక్రా మమాని అనే మనిషి పనిచేసేవాడు. బొలీవియాలోని ఐమారా ఆదివాసీ. ఏ చెట్టు బెరడులో సత్తువ ఎక్కువో ఆకు, పువ్వు చూసి చెప్పగలడు. ఏళ్ళ తరబడి కాచుకుని మంచి చెట్ల గింజలు ఏరి 1865లో లెడ్జర్‌కి అందించాడు. వాటిలో కొన్ని డచ్ ప్రభుత్వం కొని జావాలో నాటింది. ప్రపంచానికి కావలసిన క్వినైన్‌లో అత్యధిక భాగం తర్వాత జావా తోటల నుంచే వచ్చింది. మమాని మళ్ళీ గింజల కోసం వెళ్ళినప్పుడు దొరికిపోయాడు. జైల్లో పెట్టి కొట్టారు. ఆ దెబ్బలతోనే పోయాడు. ఆ చెట్టుకి శాస్త్రీయంగా ఉన్న పేరు సిన్కోనా లెడ్జెరియానా. లెడ్జర్ పేరు.

దీనికీ గుండెకీ సంబంధం ఏంటంటే, కారెల్ వెంకెబాఖ్ అనే డచ్ డాక్టర్ గుండె లయల్లో పెద్ద పండితుడు. ఆయన దగ్గరికి లయ తప్పిన ఒక వ్యాపారి వచ్చాడు. డాక్టర్ గారు దీన్ని ఆపలేనన్నాడు. వ్యాపారి నేనే ఆపుకుంటానన్నాడు. చెప్పినట్టే మర్నాడు నాడి సరిగ్గా కొట్టుకుంటూ వచ్చాడు. చేసింది ఒక గ్రాము క్వినైన్ మింగడం. వెంకెబాఖ్ ఆ మాట కొట్టిపారేయకుండా 1914లో తన పుస్తకంలో రాశాడు. 1918లో వాల్టర్ ఫ్రై అదే బెరడులోని క్వినిడిన్ ఇంకా బాగా పనిచేస్తుందని చూపించాడు. లయని సరిచేసే మందుల్లో మొదటి పెద్ద మందు అదే.

ఇక్కడా విషం సంగతి ఉంది. 1964లో డాక్టర్లు ఒక విషయం బయటపెట్టారు. క్వినిడిన్ తీసుకుంటూ స్పృహ తప్పి పడిపోయేవాళ్ళలో కింది గదుల లయ చెదురుతోంది. చెదరగొడుతున్నది ఆ మందే. కాపాడే మందే కొందరి ప్రాణం తీస్తోందన్నమాట.

కంటికి కనిపించిన లయ

ఇంతవరకు డాక్టర్లకి ఉన్నది వేళ్ళ కింద నాడి, చెవికి గుండె చప్పుడు. కరెంటు కనపడదు. నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో విల్లెమ్ ఐంథోవెన్ 1901 నుంచి ఒక యంత్రం మీద పనిచేసి దాన్ని చూపించాడు. అదే ఈసీజీ. మొదటి యంత్రం బరువు సుమారు 270 కిలోలు, నడపడానికి అయిదుగురు కావాలి. రోగి రెండు చేతులు, ఒక కాలు ఉప్పు నీళ్ళ జాడీల్లో పెట్టి కూర్చోవాలి. అంత యంత్రాన్ని ఆసుపత్రికి మొయ్యలేక 1905లో ఐంథోవెన్ ఆసుపత్రికీ తన ల్యాబ్‌కీ మధ్య టెలిఫోన్ తీగ వేయించాడు. ఒకటిన్నర కిలోమీటరు దూరంలో ఉన్న రోగి గుండె ఆయన ల్యాబ్‌లో గీతగా పడింది. 1924లో నోబెల్ వచ్చింది.

రోగి ఒక చోట, చూసే డాక్టర్ ఒక చోట. ఇది 1905లో జరిగింది. ఈ సంవత్సరం గుర్తుపెట్టుకోండి.

వేరు

ఇక మన అడవిలోది. సర్పగంధ. ఈ వేరు గురించి మన పెద్దవాళ్ళకి చెప్పక్కర్లేదు. దాని శాస్త్రీయ నామం రౌవోల్ఫియా, ఒక జర్మన్ వైద్యుడి పేరు మీద పెట్టింది. 1931లో ఢిల్లీలోని టిబ్బియా కాలేజీలో సలీముజ్జమాన్ సిద్దిఖీ ఈ వేరు నుంచి ఒక పదార్థం తీసి, ఆ కాలేజీ స్థాపించిన హకీమ్ అజ్మల్ ఖాన్ పేరు మీద అజ్మలిన్ అని పెట్టాడు. తర్వాత యూరప్‌లో అది గుండె లయ మందు అయ్యింది.

1992లో పేద్రో బ్రుగాడా, జోసెప్ బ్రుగాడా అనే అన్నదమ్ములు ఒక జబ్బుని వివరించారు. గుండె చూడటానికి బాగానే ఉంటుంది, కానీ కింది గదుల లయ ఉన్నట్టుండి చెదిరి మనిషి పోతాడు, చాలాసార్లు నిద్రలోనే. ఈసీజీలో దాని గుర్తు ఒక్కోసారి కనిపిస్తుంది, ఒక్కోసారి దాక్కుంటుంది. దాక్కున్నదాన్ని బయటికి లాగడానికి ఆసుపత్రిలో, అన్ని ఏర్పాట్లతో, నరంలోకి ఎక్కించే మందుల్లో ముఖ్యమైనది ఈ అజ్మలినే. సర్పగంధ వేరులోని మందు జబ్బుని కనిపెట్టే పరీక్ష అయ్యింది. ఏ అడవిలో ఎవరు తవ్విన వేరుతో ఈ కథ మొదలైందో మాత్రం ఎక్కడా లేదు.

ఆకు ఆపలేనిది

ఒక మాట నిజాయితీగా చెప్పాలి. కింది గదులు వణకడం మొదలైతే ఆ క్షణంలో ఏ ఆకూ, ఏ వేరూ, ఏ మాత్రా పనిచేయదు. కరెంటు షాక్ ఒక్కటే దారి. 1947లో అమెరికాలోని క్లీవ్‌లండ్‌లో క్లాడ్ బెక్ 14 ఏళ్ళ పిల్లవాడి గుండెకి ఆపరేషన్ టేబుల్ మీదే నేరుగా షాక్ ఇచ్చి బతికించాడు. 1956లో పాల్ జోల్ ఛాతీ కొయ్యకుండానే పైనుంచి షాక్ ఇచ్చి చూపించాడు. 1980లో మైకెల్ మిరోవ్‌స్కీ బృందం తయారుచేసిన యంత్రాన్ని మనిషి ఒంట్లోనే అమర్చారు. మిరోవ్‌స్కీ యుద్ధకాలంలో వార్సా నుంచి పారిపోయి బతికిన యూదు కుర్రాడు. తన గురువు ఇలాంటి లయ జబ్బుతోనే పోయాక ఈ పని పట్టుకున్నాడు. పేరున్న డాక్టర్లు ఇది పనికిరాదని రాసినా వదల్లేదు.

యంత్రం వచ్చేదాకా చేయగలిగింది ఒకటుంది. 1960లో బాల్టిమోర్‌లో కౌవెన్‌హోవెన్ అనే ఎలక్ట్రికల్ ఇంజనీరు, ఇంకో ఇంజనీరు, ఒక డాక్టర్ కలిసి చూపించారు. ఛాతీ మధ్యలో రెండు చేతులతో గట్టిగా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కితే కొంత రక్తం కదులుతుంది. సీపీఆర్ అంటే ఇదే. ఇదీ లేకుండా, షాకూ లేకుండా గడిచే ప్రతి నిమిషానికి బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గుతుంది. ఇంకా డోలీ కట్టి రోడ్డుదాకా మోసే ఊళ్ళు మనవి. ఈ లెక్క మన ఊరి దూరంతో వేసుకుని చూడండి.

మనం చేయాల్సింది

ఈ చరిత్ర చదివి మా పూర్వీకులకి అన్నీ తెలుసు అని ఛాతీ విరుచుకోవడానికి కాదు రాస్తున్నది. వేటగాడికి విషం తెలుసు, ముసలావిడకి ఆకు తెలుసు, మమానికి చెట్టు తెలుసు. మోతాదు కొలిచి, ఎవరికి మంచి చేసింది, ఎవరిని చంపింది అని రాసుకుంటూ పోయింది శాస్త్రం. రెండూ కావాలి. ఒకదాని పేరే పుస్తకంలో మిగలడం దగ్గరే మా బాధ.

అందుకని మూడు విషయాలు.

ఒకటి, ఎవరూ ఇంట్లో ప్రయోగాలు చేయకండి. పెరట్లో ఉండే పచ్చ గన్నేరులోనూ ఫాక్స్‌గ్లవ్ లాంటి విషమే ఉంటుంది. పిల్లలు గింజ నమిలితే కాసేపు చూద్దాం అనుకోవద్దు, బాగానే ఉన్నా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళి ఈసీజీ తీయించాలి. లయ తర్వాత కూడా తప్పొచ్చు.

రెండు, పెద్దవాళ్ళ దగ్గర మందు తెలుసుకుంటే వాళ్ళ పేరు, ఊరు, తేదీ రాయండి. వాళ్ళని అడిగి, ఒప్పుకుంటేనే రాయండి. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(1)(కె) సంప్రదాయ జ్ఞానం మీద సమాజానికి హక్కు ఇస్తోంది. కేరళలో కాణి ఆదివాసీలు చూపించిన ఆరోగ్యపచ్చ మొక్కతో మందు తయారైతే, వచ్చిన సొమ్ములో వాటా వాళ్ళ ట్రస్టుకి వెళ్ళింది. అక్కడ కూడా గొడవలు లేకపోలేదు. కానీ ఇవ్వాలి అన్న మాటైతే నిలబడింది.

మూడు, మన పీహెచ్‌సీలో ఈసీజీ ఉందా, తీసినదాన్ని ఫోన్లో చూసే డాక్టర్ ఉన్నాడా అని గ్రామసభలో అడగండి. 1905లో తీగ మీద పంపినదాన్ని ఇప్పుడు మన కొండకి పంపలేమంటే ఒప్పుకోవద్దు. హాస్టళ్ళలో సీపీఆర్ నేర్పించమని అడగండి. నేర్చుకోవడానికి ఇంగ్లిష్ రానక్కర్లేదు, రెండు చేతులుంటే చాలు.

అన్నలూ, అక్కలూ, మీ ఊళ్ళో నాడి పట్టి చెప్పే పెద్దవాళ్ళు ఉంటే కింద రాయండి. మందు రహస్యం వద్దు. వాళ్ళు సరేనంటే పేరు రాయండి, అది చాలు.