ఉప్పు మోసిన బరువు

హైదరాబాద్‌లో గానీ విజయవాడలో గానీ నెలజీతం తీసుకునేవాళ్ల పే స్లిప్‌లో ఒక వరస కనిపిస్తుంది: ప్రొఫెషనల్ ట్యాక్స్, 200 రూపాయలు. నెలకు 21,000 తెచ్చుకునే బిల్లింగ్ కౌంటర్ అమ్మాయికీ అంతే, అయిదు లక్షలు తీసుకునే కంపెనీ పెద్దకీ అంతే. ఇదేమీ గుమస్తా పొరపాటు కాదు. వృత్తి పన్ను ఏడాదికి 2,500 దాటకూడదని రాజ్యాంగం 276వ అధికరణం గీత గీసింది. 1988కి ముందు ఆ గీత 250 దగ్గరే ఉండేది. అందుకని మన రెండు రాష్ట్రాలూ 15,000 దాకా జీతాన్ని వదిలేసి, అక్కణ్ణుంచి 20,000 దాకా 150 తీసుకుని, ఆ పైనవాళ్లందరినీ ఒకే గాటన కట్టేశాయి. మొత్తం చిన్నది కాబట్టి ఎవరూ దాని గురించి తగువులాడరు. అయితే ఈ 200కి పెద్ద వంశవృక్షమే ఉంది. దాన్ని పట్టుకుని వెనక్కి వెళితే, ఎక్కువ సంపాదించేవాళ్లు ఎక్కువ కట్టాలా వద్దా అన్న ప్రశ్న, ఇప్పుడు మనం అనుకుంటున్నట్టు, నిన్న మొన్నటి సిద్ధాంతాల గొడవ కాదని తెలుస్తుంది. మద్రాసు ప్రెసిడెన్సీలోని తెలుగు జిల్లాల్లో అది అచ్చంగా లెక్కల గొడవ. పైవాళ్లకు పన్ను తప్పినప్పుడు ఖజానా ఊరుకోలేదు. ఆ బరువును దించి, తప్పించుకోలేనివాళ్ల నెత్తిన పెట్టింది.

పనిముట్టు మీద పన్ను మనకు కొత్తది కాదు. విజయనగరం రోజుల్లో మగ్గానికీ గానుగకూ మంగలికత్తికీ పన్నుండేది. సదాశివరాయల కాలంలో కొండోజు అనే మంగలి పనితనానికి మెచ్చి, అళియ రామరాయలు మంగళ్ల పన్ను ఎత్తివేయించిన సంగతి శాసనాలకెక్కింది. (గడ్డం గీసినవాడి మాట దొర చెవిన పడింది, నేతగాడికి ఆ వీలు లేకపోయింది.) కంపెనీవాళ్లు వచ్చి ఈ పాత పన్నుల్నే మొహతర్ఫా పేరుతో కొనసాగించారు. సాలెవాడి మగ్గం, కంసాలి కొలిమి, వడ్రంగి బాడిసె, నూనె గానుగ, వీధి మూల కూరగాయల గంప, అన్నీ ఆ పద్దులోకే వచ్చేవి. 1853లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ ముందు సాక్ష్యం చెప్పిన ఒక అధికారే ఒప్పుకున్నాడు: ఏడాదికి కొద్ది రూపాయలు మిగిలే చిన్న వ్యాపారి ఈ పన్ను కడుతుంటే, పక్క కొట్లోనే వందలు ఆర్జించే యూరోపియన్ వర్తకుడు పైసా కట్టడంలేదని. అంతకు ముందు ఏడాదే, చెన్నపట్నంలో వ్యాపారం చేసి గడించిన తెలుగువాడు గాజుల లక్ష్మీనరసు సెట్టి మద్రాసు నేటివ్ అసోసియేషన్ పెట్టి పార్లమెంటుకు మహజరు పంపించాడు. అందులో మొహతర్ఫా బాధ కూడా ఉంది. ఆయన పేదవాడు కాదు. అయినా ఆ పన్నులోని తలకిందులు వ్యవహారం ఆయనకు కనపడింది.

1857 తిరుగుబాటును అణచడానికి పెట్టిన ఖర్చుతో కలకత్తా ఖజానా అప్పుల్లో పడింది. లెక్కలు చక్కబెట్టడానికి లండన్ నుంచి జేమ్స్ విల్సన్‌ను పిలిపించారు. ‘ఎకానమిస్ట్’ పత్రిక పెట్టినవాడు ఆయనే. 1860 ఫిబ్రవరి బడ్జెట్లో ఆయన ఇండియాలో మొదటిసారి ఆదాయపు పన్ను ప్రతిపాదించాడు: ఏడాదికి 200 నుంచి 500 రూపాయల దాకా నూటికి 2, ఆపైన నూటికి 4. ఆ నాలుగులో ఒక వంతు రోడ్లకూ కాలవలకూ స్థానికంగా ఖర్చు పెట్టాలి. జీతగాళ్లు, వర్తకులు, భూస్వాములు, తెల్లవాళ్లు, నల్లవాళ్లు, ఎవరికీ మినహాయింపు లేదు. దీన్ని అందరికన్నా గట్టిగా ఎదిరించినవాడు సాక్షాత్తూ మద్రాసు గవర్నరు సర్ చార్లెస్ ట్రెవెల్యన్. ఈ దేశానికి ఇలాంటి పన్ను అలవాటు లేదు, ముందు సైన్యం ఖర్చు తగ్గించండి అని ఆయన వాదన. అందులో రెండో సగం న్యాయమైనదే. కానీ ఆయన తన అభ్యంతరాన్ని ఫైల్లో ఉంచకుండా పత్రికలకెక్కించాడు. దాంతో ఉద్యోగం పోయింది. ఆగస్టులో విల్సన్ కలకత్తాలో జబ్బుచేసి చనిపోయాడు. చరిత్రకు హాస్యం లేదంటారు గానీ, మూడేళ్లకు ఆర్థిక సభ్యుడిగా విల్సన్ కుర్చీలోకి వచ్చి కూర్చున్నది ఆ ట్రెవెల్యనే. 1865లో గడువు తీరిన ఆదాయపు పన్నును పొడిగించకుండా వదిలేసిందీ ఆయన హయాంలోనే.

ఆ అయిదేళ్ల అనుభవంలో ఇప్పటికీ పనికొచ్చే సంగతి ఒకటుంది. 1862లో, అంటే రెండేళ్లకే, 500 లోపు ఆదాయాల మీద పన్ను తీసేయవలసి వచ్చింది. చిన్నవాళ్ల ఇళ్ల చుట్టూ తిరిగితే వేధింపు కొండంత, రాబడి గోరంత అని తేలింది. పన్ను నిలబడాలంటే పైనున్నవాళ్ల మీదే నిలబడాలి. ఇది దయాదాక్షిణ్యాల మాట కాదు, వసూలు చేసిన గుమస్తాల అనుభవం. కానీ పైనున్నవాళ్లకే పత్రికలున్నాయి, సభలున్నాయి, గవర్నరుతో విందులున్నాయి. 1869లో మళ్లీ వచ్చిన ఆదాయపు పన్ను 1873లో మళ్లీ పోయింది.

సరిగ్గా మూడేళ్లకు వానలు మొహం చాటేశాయి. 1876–78 కరువులో బళ్లారి, కర్నూలు, కడప, నెల్లూరు జిల్లాలు ఎండిపోయాయి. ప్రెసిడెన్సీ మొత్తం మీద లక్షల ప్రాణాలు పోయాయి. సహాయపు పనుల్లో రాళ్లు కొట్టేవాడికి రోజుకు ఒక పౌను, అంటే సుమారు 450 గ్రాముల ధాన్యం, కాస్త చిల్లర చాలునని, వైస్రాయి తరఫున కరువు చూడటానికి వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్ కొలత వేశాడు. అది మనిషి బతకడానికి చాలదని మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ మొత్తుకున్నాడు. ఇక ముందు కరువు వస్తే ఖర్చుకు ఏడాదికి కోటిన్నర పక్కన పెట్టాలని వైస్రాయి లిట్టన్ ప్రభుత్వం నిర్ణయించింది. ఆలోచన మంచిదే. ఆ కోటిన్నర ఎవరిస్తారు? ఆదాయపు పన్ను అప్పటికి లేదు. 1878లో వచ్చింది లైసెన్సు పన్ను: చిన్న దుకాణదారు దాకా వర్తకులందరి మీదా. వేలల్లో జీతం తీసుకునే కలెక్టరుకూ జడ్జీకీ లేదు, వకీలుకూ డాక్టరుకూ లేదు, జమీందారుకూ లేదు. రెండేళ్లకు 500 లోపు వర్తకుల్ని వదిలేశారు గానీ ఉద్యోగుల మినహాయింపు అలాగే ఉంది. అదే సమయంలో మద్రాసులో ఉప్పు పన్ను మణుగుకు 1 రూపాయి 13 అణాల నుంచి 2 రూపాయల 8 అణాలకు ఎగబాకింది. బెంగాల్లో అప్పటిదాకా ఎక్కువగా ఉన్న రేటు కొంచెం తగ్గించారు. సమానత్వం పేరుతో పెరిగింది కరువు పడిన దక్షిణాదికి.

1886లో, బర్మా యుద్ధం ఖర్చు మీద పడ్డాక, డఫ్రిన్ ప్రభుత్వం ఆదాయపు పన్నును నికరంగా తెచ్చింది. ఉద్యోగులు ఈసారి తప్పించుకోలేదు. 500 లోపు ఏమీ లేదు. జీతం 2,000 దాకా రూపాయికి 4 పైలు, ఆపైన 5 పైలు. న్యాయం జరిగిందనిపిస్తుంది. కానీ మధ్యలో 2 రూపాయలకు తగ్గిన ఉప్పు పన్నును 1888లో మళ్లీ రెండున్నరకు పెంచారు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూద్దాం. ఉప్పు లెక్క మణుగంటే సుమారు 37 కిలోలు. అయిదుగురున్న ఇల్లు పచ్చళ్లకూ గొడ్లకూ కలిపి ఏడాదికి ఒక మణుగు వాడుతుందనుకుందాం. ఇంటాయన రోజుకు రెండణాల కూలీ, ఏడాదికి 300 రోజులు పని దొరికిందనుకుందాం, అదృష్టవంతుడే. ఏడాది రాబడి ముప్ఫయ్యేడున్నర రూపాయలు. అందులో ఉప్పు పన్ను రెండున్నర, అంటే పదిహేనో వంతు. ఇరవై రోజుల కష్టం. ఇక ఏడాదికి 500 తీసుకునే ఉద్యోగి కట్టే ఆదాయపు పన్ను 10 రూపాయల 6 అణాల 8 పైలు, నలభై ఎనిమిదో వంతు. పదివేల జీతం ఉన్న దొరకు కూడా ముప్ఫై ఎనిమిదో వంతు దాటదు. ఇంకో మణుగు ఉప్పు పన్ను కలిపినా దొర లెక్కలో అది కనపడదు. ఆదాయపు పన్ను ఉండి కూడా కూలీయే ఎక్కువ వంతు కడుతున్నాడు; అది తీసేస్తే ఎలా ఉంటుందో 1878 చూపించింది.

ఇక్కడ జమీందార్ల తరఫున ఒక మాట వస్తుంది. 1860లో, 1869లో వ్యవసాయ ఆదాయం కూడా పన్నులో ఉండేది. 1886 చట్టం దాన్ని వదిలేసింది. భూమి ఇప్పటికే శిస్తు కడుతోంది కదా, రెండో దెబ్బ ఎందుకని కారణం. రైతువారీ పొలాల్లో ఆ కారణానికి బలం ఉంది. ముప్ఫై ఏళ్లకోసారి రీసెటిల్మెంటు పేరుతో శిస్తు పెరిగేది. కానీ ఉత్తర సర్కారుల్లో సంగతి వేరు. 1802 శాశ్వత పరిష్కారంలో జమీందారు సర్కారుకు కట్టాల్సిన పేష్కస్ ఒక్కసారే ఖరారైంది. ఆ తరవాత ధరలు పెరిగాయి, ధవళేశ్వరం ఆనకట్టతో గోదావరి కాలవలు పారాయి, రైతుల దగ్గర మక్తాలు పెరిగాయి. జమీందారు కట్టే పేష్కస్ మాత్రం అదే అంకె. ప్రజల డబ్బుతో కట్టిన కాలవ పక్కనున్న భూమి మీద వచ్చిన లాభం ఆదాయపు పన్నుకు బయటే ఉండిపోయింది. స్వాతంత్ర్యం వచ్చాక 1972లో కె.ఎన్. రాజ్ కమిటీ పెద్ద కమతాల మీద పన్ను వేయాలని సూచించింది, అదీ కాగితాల్లోనే ఉంది. రెండెకరాల రైతు పేరు చెప్పి రెండు వందల ఎకరాల తోటను కాపాడటం మనకు బాగా అలవాటైన విద్య.

మరీ పైకి లాగితే పన్ను పగిలిపోతుందనే వాదనను కొట్టిపారేయలేం. 1973–74లో రెండు లక్షలు దాటిన ఆదాయం మీద సర్‌ఛార్జితో కలిపి 97.75 శాతం ఉండేది. రూపాయిలో రెండు పైసలు మిగిల్చే పన్నును నిజాయితీగా ఎవరు కడతారు? అంత రేటు నల్లధనాన్నే పెంచుతోందని 1971లోనే వాంఛూ కమిటీ చెప్పింది. 1973–74 తరవాతి ఏడాదికే రేటు 77కు దిగింది. అయితే ఆ అనుభవం చెప్పేది రేటు గురించి, సూత్రం గురించి కాదు. 2015లో కేంద్రం సంపద పన్ను ఎత్తేసినప్పుడు దాని మీద 2013–14లో వచ్చింది 1,008 కోట్లేనని బడ్జెట్ ప్రసంగంలోనే చెప్పారు. దాని బదులు కోటి దాటిన ఆదాయాల మీద 2 శాతం సర్‌ఛార్జి వేస్తే 9,000 కోట్లు వస్తాయని అంచనా కట్టారు. పైవాళ్లను వదిలిపెట్టకుండానే తెలివిగా అడగవచ్చని దానర్థం.

ఇంకా గట్టి అభ్యంతరం వేరే ఉంది: ఇచ్చిన డబ్బు బడికో ఆసుపత్రికో చేరుతుందని ఎవరు హామీ? లిట్టన్ కరువు నిధికి సంవత్సరం తిరక్కుండానే అఫ్గాన్ యుద్ధం వచ్చింది; 1879–80లో ఆ కేటాయింపే ఆగిపోయింది. 1919లో చీరాల, పేరాల ఊళ్లను కలిపి బలవంతంగా మునిసిపాలిటీ చేసినప్పుడు, నేతగాళ్లూ చిన్న సంసారులూ ఎక్కువగా ఉన్న ఆ జనం ఈ పన్నులు మోయలేమన్నారు. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట ఊరు వదిలి, హద్దు బయట రామనగరం పేరుతో పాకలు వేసుకుని నెలల తరబడి ఎండలో వానలో ఉన్నారు. తెలుగువాళ్లకు పన్ను కట్టడం ఇష్టం లేదనడానికి దీన్ని చూపిస్తారు. కానీ వాళ్లు వద్దన్నది తమ మాట చెల్లని పాలకవర్గం, స్తోమతు చూడకుండా ఇంటికి ఇంత అని వేసిన బరువు. సేవకూ పన్నుకూ ముడి కళ్లముందు కనిపించినచోట మన ఊళ్లలో రగడ లేదు. ఇంటి పన్నులో గ్రంథాలయ సెస్సు 1960 చట్టం నుంచీ కడుతూనే ఉన్నాం. పెద్ద ఇల్లున్నవాడు ఎక్కువ కడతాడు, పేపరు చదవడానికి వచ్చే ముసలాయనా పోటీ పరీక్షల కుర్రవాడూ వాడుకుంటారు. వసూలైన సెస్సును గ్రంథాలయ సంస్థకు జమ చేయకుండా బకాయి పెట్టే మునిసిపాలిటీల సంగతి నిజమే. దానికి మందు ఆ బకాయి రాబట్టడం, సెస్సు ఎత్తేయడం కాదు. ఇక పెద్ద రాబడి సంగతికొస్తే, రాష్ట్రాలు నేరుగా ఆదాయాన్ని అందుకోలేని ఏర్పాటులో ఇప్పుడు ఉప్పు పాత్రను మద్యం పోషిస్తోంది. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా మీద మొదలుపెట్టిన ఉద్యమంతో 1995లో వచ్చిన మద్యనిషేధం, రెండేళ్లు తిరిగేసరికి ఖజానా తట్టుకోలేక సడలిపోయింది.

ఉప్పు పన్ను రద్దు ప్రకటన వెలువడింది 1947 ఫిబ్రవరి 28న. తాత్కాలిక ప్రభుత్వంలో ఆర్థిక సభ్యుడు లియాఖత్ అలీ ఖాన్ బడ్జెట్ చదువుతూ ఉప్పు పన్ను రద్దు చేశాడు. ఆ లోటు పూడ్చడానికి లక్ష దాటిన వ్యాపార లాభాల మీద రూపాయికి నాలుగణాల కొత్త పన్ను ప్రకటించాడు. 1878లో జరిగిన దానికి ఇది అచ్చంగా తిరగేసిన లెక్క. వ్యాపార వర్గాలు భగ్గుమన్నాయి, సభలో కాంగ్రెసువాళ్లలోనే చాలామంది గునిశారు. చివరకు నాలుగణాలు రెండణాల ఎనిమిది పైలకు దిగింది. ఉప్పును మళ్లీ పన్నులో పెడదామని మాత్రం ఎవరూ నోరెత్తలేదు. 1930లో దాని కోసం జైలుకు వెళ్లినవాళ్లు ఆ బెంచీల మీదే కూర్చుని ఉన్నారు.