చెడకముందా? చెడిన తరువాతనా?

నాంపల్లి స్టేషను ముంగిటినుండి మొజంజాహీ మార్కెట్టు మీదుగా ఆబిడ్సు చేరు దారిలో ఒక్క మోటారుకారు ఆగినను వెనుక నున్న బండ్లన్నియు నిలిచిపోవును. హారనులు మ్రోగుచుండగా యజమాని దిగి బానెట్టు నెత్తి, "మెకానిక్కు ఈ బెల్టును మార్చుమని పోయిన నెలలోనే చెప్పెను, నడచుచున్నది గదా యని ఊరకుంటిమి" అని వగచును. మరియొక గృహస్థుడు మెకానిక్కు చెప్పినదెల్ల మార్పించి, పాతసామాను చేతబట్టుకొని, "ఇది ఇంకను రెండేండ్లు పనిచేసి యుండెడిది కాదా?" అని వగచును. ఈ ఇరువురి చింతయు నొక్కటే. యంత్రభాగమును చెడకముందు మార్చవలెనా, చెడిన తరువాత మార్చవలెనా? ఈ ప్రశ్నకు మన నగరమందే ఒక చరిత్ర కలదు. దానిని కొంత పరిశీలింతము.

హైదరాబాదు రాజ్యములో ప్రభుత్వపు బస్సులు 1932 జూనులో బయలుదేరినవి. వానిని నడపినది వేరొక సంస్థ కాదు, నిజాం రాష్ట్ర రైల్వే. ఆ రైల్వేవారి రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతోను, 166 మంది ఉద్యోగులతోను ఆరంభమయ్యెను. బస్సులు స్కాట్లండు దేశమున ఆల్బియన్ కంపెనీవారు చేసినవి. ఒక్క బేరింగు అరిగినను, ఒక్క గేరు పండ్లు విరిగినను, దానికి బదులు సముద్రము దాటి రావలసినదే. అట్టి కాలమున చెడినప్పుడు చూచుకొందమను వానికి మిగులునది షెడ్డులో కదలక నిలిచిన బస్సు. విడిభాగము ఎంత దూరమునుండి రావలెనో, ముందుచూపు అంత అవసరమని మనము గ్రహింపవచ్చును.

రైల్వేవారికి ఈ ముందుచూపు క్రొత్తది కాదు. పెట్టె ఇరుసు దారిలో విరిగినచో బండియే పట్టాలు తప్పును. కావున నిర్ణీతకాలమున బండ్లను కార్ఖానాకు పంపి విప్పి చూచు పద్ధతి రైల్వేలలో ఏర్పడెను. లాలాగూడ కార్ఖానా 1893 నాటిది. దానితో పాటు వేరొక పద్ధతియు రైల్వేలందు కలదు. బండి స్టేషనులో ఆగినపుడు ఒక మనిషి పొడుగాటి సుత్తితో చక్రములను తట్టుచు పోవును. గట్టి చక్రము గంటవలె మ్రోగును. బీట వారినది బొంగురుగా పలుకును. ఇది చెడకముందు మార్చుటయు కాదు, చెడినపిదప మార్చుటయు కాదు. చెడబోవుచున్న దాని పలుకు వినుట. ఈ మూడవ మార్గమును మనము గుర్తుంచుకొనవలెను.

ఆబిడ్సునకు ఆ పేరు ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాను కొలువులోని ఆల్బర్టు ఆబిడ్ దుకాణమును బట్టి వచ్చినది. ఆ నిజాము 1911లో ఒక రోల్సు రాయిసు కారు చేయింప నాజ్ఞాపించి, అది చేరకమునుపే ఆ సంవత్సరముననే గతించెను. సింహాసనము వంటి పీఠముగల ఆ కారు ఇప్పుడు చౌమహల్లా ప్రాసాదమున ప్రదర్శింపబడుచున్నది. దశాబ్దముల పిదప చూడగా అది నడచినది 356 మైళ్ళు మాత్రమేనని చెప్పుదురు. నడవని కారునకు అరుగుదల లేదనుకొందుమా? రబ్బరు గొట్టములు ఎండి బీటలు వారును. బ్యాటరీ ఊరక నుండియే చచ్చును. బ్రేకు ద్రవము గాలిలోని తేమను పీల్చి చెడును. కొన్ని భాగముల ఆయువును మైళ్ళతో కొలువవలెను, కొన్నింటిని ఏండ్లతో కొలువవలెను. నెలకొక్కసారి కారు బయటికి తీయు గృహస్థుడు ఈ భేదమును మరువరాదు.

ఆబిడ్సునకు చేరువ కింగుకోఠి. అచట నివసించిన ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాను 1967 ఫిబ్రవరిలో మరణించెను. ఆనాటి నిజాము గారేజీలో ఇంచుమించు 60 కార్లు ఉండెననియు, పెట్రోలునకును విడిభాగములకును ఏటా 45,000 పౌండ్లు ఖర్చు వ్రాయబడుచుండెననియు, కదలగలిగినవి నాలుగే యనియు, క్రొత్త నిజామును పట్టాభిషేకమునుండి తీసికొనిపోవలసిన కారు సైతము నిలిచిపోయెననియు చరిత్ర రచయితలు వ్రాసియున్నారు. సొమ్ము వ్యయమైనంత మాత్రమున సంరక్షణ జరిగినట్లు కాదు. ఏ భాగము, ఎందుకు, ఎప్పుడు మార్చబడెనో వ్రాసియుంచని చోట విడిభాగముల ఖర్చు చిల్లుకుండలో పోసిన నీరగును.

అట్లయిన అన్నిటిని ముందే మార్చుట క్షేమమా? రెండవ ప్రపంచ యుద్ధకాలమున ఈ నమ్మకమునకు దెబ్బ తగిలెను. బ్రిటిషు వైమానిక దళపు తీరరక్షక విభాగమున సి. హెచ్. వాడింగ్టన్ అను శాస్త్రజ్ఞుడు విమానముల మరమ్మతు లెక్కలను పరిశీలించెను. నిర్ణీతకాల తనిఖీ జరిగిన వెంటనే లోపములు ఎక్కువగను, పిమ్మట క్రమముగ తక్కువగను కనబడెను. తనిఖీయే కొన్ని లోపములను పుట్టించుచుండెను. బాగుగ నున్న దానిని విప్పి బిగించునపుడు ఒక మరను వదలుగ నుంచవచ్చును, ఒక సీలును చించవచ్చును. 1978లో నౌలన్, హీప్ అను ఇరువురు యునైటెడ్ ఎయిర్‌లైన్సు ఇంజనీర్లు తమ నివేదికలో వేరొక లెక్క చూపిరి. వారు పరిశీలించిన విమానభాగములలో వయసు మీరిన కొలది చెడు స్వభావము గలవి 11 శాతము మాత్రమే. తక్కిన 89 శాతమునకు వయఃపరిమితి పెట్టి మార్చుట వలన లాభము కానరాలేదు. డీసీ-8 విమానమునకు మొదట 339 భాగములను గడువు ప్రకారము విప్పి బాగుచేయవలెనని నియమముండగా, డీసీ-10 నాటికి అవి ఏడింటికి తగ్గెను.

వాల్వులతో పాడిన రేడియోలను ఎరిగిన ఇండ్లవారికి ఇది వింత కాదు. నడచుచున్న వాల్వును మూడేండ్లు నిండినవని ఎవరు పెరికివేసిరి? ఆరిపోయినప్పుడే మార్చిరి. ఆనాటి పాట తప్పిపోయెను, అంతే. క్రొత్త వాల్వు వారములోనే ఆరిపోవుటయు కలదు. క్రొత్తది యెల్ల పాతదానికంటె నమ్మదగినదనుట భ్రమ.

కాని ఈ లెక్కలను చూచి టైర్లను గుడ్డలుగా చిరుగువరకు నడుపరాదు. టైర్లు, బ్రేకు లైనింగులు, క్లచ్ ప్లేటు రాపిడిచే అరుగుటకే పుట్టినవి. వాని అరుగుదల కంటికి కనబడును, కొలతకు దొరకును. టైమింగ్ బెల్టు సంగతి వేరు. అది పైకి కనబడదు. తెగుటకు ముందు తరచుగ ఏ హెచ్చరికయు నీయదు. తెగినచో పెక్కు ఇంజనులలో పిస్టనులు వాల్వులను తాకి ఇంజనే పాడగును. బెల్టు ఖరీదును ఇంజను ఖరీదుతో పోల్చిచూచిన గృహస్థుడు తయారీదారు చెప్పిన గడువును దాటనీయడు. అంబాసిడరు ఇంజనులో ఈ పనికి ఉక్కు గొలుసుండెను. మారుతి 800లో రబ్బరు బెల్టు వచ్చెను. ఒక తరమువారి అలవాటు మరియొక తరపు కారునకు చెల్లదనుటకు ఇది నిదర్శనము.

తుదకు మరల మన నగరమునకు వత్తము. ఆబిడ్సునకు కొలది దూరమున గౌలిగూడలో, ఆనాటి బస్సులకు నీడనిచ్చిన ఇనుప హ్యాంగరు 2018 జూలై 5వ తేదీన కుప్పకూలెను. నిజాము నాటి 27 బస్సుల సంస్థ 1951 నవంబరులో ప్రభుత్వశాఖయై, 1958 జనవరిలో ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థయై, రాష్ట్ర విభజనానంతరము తెలంగాణ సంస్థ యయ్యెను. ఆ ఇనుప కప్పు మాత్రము వీని నన్నిటిని చూచుచు నిలిచెను. దాని దుస్థితిని గమనించిన అధికారులు కూలుటకు ముందే బస్సులను, ప్రయాణికులను అచ్చటినుండి తొలగించియుండిరి. కావుననే ప్రాణనష్టము కలుగలేదు. కప్పును నిలుపుకొనుటకు ఆలస్యమయ్యెను. మనుషులను కాపాడుటకు కాలేదు. చక్రమును తట్టి విను ఆ సుత్తిమనిషి బుద్ధియే ఇచ్చట పనిచేసెను.

కావున మెకానిక్కు ఎదుట నిలిచినపుడు మనము మూడు ప్రశ్నలు వేసికొందము. ఇది చెడినచో ప్రాణమునకు గాని ఇంజనునకు గాని ముప్పు కలదా? చెడుటకు ముందు చప్పుడుతోనో, కారుటతోనో, అరుగుదలతోనో మనకు చెప్పునా? ఇది వాడుకచే నశించునా, కాలముచే నశించునా? ముప్పు గలదై, చెప్పకయే చెడుదానిని గడువునకు ముందే మార్చుదము. చెప్పి చెడుదానిని చెవియొగ్గి కనిపెట్టుదము. లోపలి దీపపు బల్బు వంటి దానిని ఆరిన పిదపనే మార్చుదము. మార్చిన తేదీని, మీటరు అంకెను ఒక చిన్న పుస్తకమున వ్రాసియుంచుదము. ఆ పుస్తకము లేకనే అరువది కార్లున్న గారేజీ నాలుగు కార్ల గారేజీ యగును.