సింహళం నుంచి వచ్చిన చుట్టాలు

కాశీకి పోతే గంగచెంబు, తిరుపతికి పోతే పటం కొనకుండా వచ్చే ఆడవాళ్లం కాం కదా! మన కోడుమూరు నుంచి పత్తికొండ వైపు పోతే, రాజుల మందగిరి బండమీద అశోకుడి శాసనం ఉంది. బౌద్ధం ఈ మెట్టనేలకు అంత పాతది. క్రీ.శ. 3వ శతాబ్దానికి కృష్ణ ఒడ్డున, నాగార్జునకొండలో సింహళ విహారమే వెలిసింది. బోధిసిరి అనే ఉపాసిక, రాణి కాదు, మనలాంటి సంసారే, తామ్రపర్ణి భిక్షువుల కోసం అక్కడ చైత్యగృహం కట్టించింది. ఇంకోచోట చెరువు తవ్వించింది. ఆ పుణ్యంలో పుట్టింటివారికీ మెట్టింటివారికీ వాటా పెడుతూ శాసనం చెక్కించింది. (ఎవరినీ మరిచిపోలేదు, గడుసుదే!)

ఇక సింహళంలోనేమో పల్నాటి సున్నపురాతి శిల్పాలు దొరికాయి. యాత్రికులో వర్తకులో, అంత బరువు ఓడలో ఎలా మోసుకుపోయారో! మనం దీపపుసెమ్మె ఒక్కటి రైలెక్కించడానికే కూలీతో అరగంట బేరమాడతాం.