రాగిరేకు, తాటాకు, హార్డ్‌డిస్క్

దాచుకోవాల్సిన మాటను మనవాళ్లు రెండు రకాలుగా దాచారు. పాడవనిదాని మీద రాయడం ఒకటి, పాడయ్యేలోగా ఇంకో ప్రతి తీసుకోవడం రెండోది. మొదటిదానికి సాక్ష్యం నరసన్నపేట వైపు నడగాంలో దొరికిన రాగిరేకులు. శక సంవత్సరం 979లో, అంటే 1057 ప్రాంతంలో, గాంగరాజు వజ్రహస్తుడు ఇచ్చిన దానశాసనమది. ఎనిమిది శతాబ్దాలు దాటాక కూడా గిడుగు రామమూర్తి పంతులుగారు దాన్ని చదివి ‘ఎపిగ్రాఫియా ఇండికా’ నాలుగో సంపుటంలో ప్రకటించగలిగారు. తాటాకు అలా కాదు. మన కోస్తా చెమ్మకీ పురుగుకీ ఆగదు. అందుకే పాత ఆకు శిథిలమయ్యేలోగా ఘంటం పట్టి కొత్త ఆకు మీదికి ఎక్కించేవారు.

హార్డ్‌డిస్క్ చూపులకు రాగిరేకు. గుణం మాత్రం తాటాకుదే. కొనేవాళ్లలో చాలామందికి ఈ సంగతి పట్టదు.

దాని పుట్టుక 1956లో. ఐబీఎం వారి రామాక్ యంత్రంలో 24 అంగుళాల పళ్లేలు 50 ఒకదానిమీద ఒకటి తిరిగేవి. బరువు టన్నుకు అటూ ఇటూ. ఇంతా చేసి పట్టేది 50 లక్షల అక్షరాలు! ఇవాళ ఫోన్లో తీసిన ఒకటి రెండు ఫొటోలకే నిండిపోతుంది. 1980లో సీగేట్ అదే సరుకును ఐదుంపావు అంగుళాల డిస్కులోకి దించింది. అయినా అది కంప్యూటర్ కడుపులో ఉండే వస్తువే. జేబులోకి రావడానికి దారి చేసింది యూఎస్‌బీ తీగ. 1996లో వచ్చినప్పుడు నత్తనడక. 2000లో వచ్చిన రెండో తరం వేగాన్ని నలభై రెట్లు చేసింది. ల్యాప్‌టాప్‌లో వాడే రెండున్నర అంగుళాల డిస్కుకి కరెంటు కూడా ఆ తీగే అందించింది. పైన ప్లాస్టిక్ డొప్ప, లోపల అదే డిస్కు, దానికో చిన్న బోర్డు, అంతే! 2007లో హిటాచీ తొలి టెరాబైట్ డిస్కు తెచ్చింది. 2011లో థాయ్‌లాండ్ వరదలకు ఫ్యాక్టరీలు మునిగి ధరలు ఎగిరాయి, మెల్లగా మళ్లీ దిగాయి.

తాటాకు దారిని బాగా ఎరిగినది మన శ్రీకాకుళం కథానిలయం. ‘యజ్ఞం’ కథ రాసిన కారా మాస్టారు 1997 ఫిబ్రవరి 22న దాన్ని తెరిచారు. ఎక్కడెక్కడి పత్రికల్లోనో చెల్లాచెదురైన కథలను ఒకచోటికి చేర్చడం మొదటి పని. చేర్చాక, ఆ ఒక్కచోటే ఉండిపోకుండా చూడటం రెండో పని. పాత పత్రికల కాగితం చేత్తో తిప్పితే అంచులు పొడిపొడిగా రాలుతాయి. మనసు ఫౌండేషన్ తోడ్పాటుతో పేజీలు స్కానింగ్‌కు ఎక్కాయి, కథలు వెబ్‌సైట్‌లోకి వచ్చాయి. మాస్టారు 2021 జూన్ 4న కన్నుమూశారు. కథలు ఎన్ని ఊళ్ల కంప్యూటర్లలోకి దిగాయో లెక్కలేదు.

ఇక డిస్కు మీద రోజూ బతికేది ఫొటో స్టూడియోల వాళ్లు. ఎడిటింగ్ గదిలో డిస్కులు వరసగా ఉంటాయి. తెల్లటేపు మీద మార్కర్‌తో ఇంటిపేరు, పెళ్లి తేదీ. చోటు చాలక కంప్యూటర్‌లోది చెరిపేసి, డిస్కులోదొక్కటే ఉంచుతారు. దాన్ని బ్యాకప్ అంటే నేనొప్పుకోను. సామాను ఇల్లు మారింది, అంతే. లోపల పళ్లెం నిమిషానికి 5,400 చుట్లు తిరుగుతుంటే, వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా లేని ఎత్తులో హెడ్ తేలుతుంటుంది. నడుస్తుండగా బల్లమీంచి జారితే చాలు, టక్ టక్‌మంటుంది. ఆ చప్పుడు విన్న ఎడిటర్ మొహంలో నెత్తురుచుక్క ఉండదు.

తుపాన్లు సరేసరి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస వైపు తీరం దాటిన తిత్లీ. రేకు లేచిపోయిన గదిలో కంప్యూటరూ, పక్కనే ఉన్న డిస్కూ కలిసే తడుస్తాయి. అందుకే తెలివైన స్టూడియోలవాళ్లు ఆల్బమ్ ఇచ్చేరోజున పెళ్లివారినే డిస్కు తెచ్చుకోమంటున్నారు. మొత్తం అందులోకి ఎక్కించి చేతిలో పెట్టి, “ఇంకోటి కూడా తీసి మీ అమ్మాయి ఇంట్లో పెట్టండి బాబూ, వచ్చే ఏడు నన్నడిగితే నా దగ్గరుండదు” అని ముందే చెప్పేస్తున్నారు.