సభే బడి అయిన కాలం

తెలంగాణ సారస్వత పరిషత్తు పుట్టే నాటికి హైదరాబాదు రాష్ట్రంలో తెలుగు కవిత్వం నేర్చుకోవాలనుకున్న కుర్రవాడికి దారులు చాలా తక్కువ. బళ్లో చదువు ఉర్దూలో. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలోనూ పాఠం ఉర్దూలోనే. పుస్తకంలోని తెలుగు కావాలంటే 1901లో మొదలైన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం లాంటి గ్రంథాలయమో, ఊళ్లో పద్యం వచ్చిన పంతులుగారో దొరకాలి. కవులు లేక కాదు. 1934లో సురవరం ప్రతాపరెడ్డి గారు తెచ్చిన గోలకొండ కవుల సంచికలో 354 మంది కనిపిస్తారు. ఉన్నవాళ్లు ఒకరి కవిత్వం ఒకరు వినే చోటు కరువు. రాబోయేవాళ్లకు గురువు కరువు. 1943 మే 26న పుట్టిన నిజాం రాష్ట్ర ఆంధ్ర సారస్వత పరిషత్తు, అంటే నేటి తెలంగాణ సారస్వత పరిషత్తు, ఈ రెండు కొరతలనూ ఒక్కసారే తలకెత్తుకుంది.

పరిషత్తు ప్రవేశ, విశారద అనే తెలుగు పరీక్షలు నడిపింది. వాటి గురించి ఒక్క మాట. ఆ పరీక్షల కోసం పద్యానికి ప్రతిపదార్థం చెప్పుకుంటూ, అన్వయం కుదుర్చుకుంటూ కూర్చున్నవాళ్లు ఉద్యోగం కోసమే కూర్చోలేదు. తమ భాషలో ఇంత ఉందా అని తెలుసుకోవడానికి కూర్చున్నారు. కవిత్వం అర్థం చేసుకోవడం అనే మొదటి మెట్టు అక్కడ పడింది.

రెండో మెట్టు సభల్లో పడింది. ఓరుగల్లు కోటలో జరిగిన పరిషత్తు రెండో మహాసభల పందిళ్లను నిజాం పక్షపు సాయుధులైన రజాకార్లు తగలబెట్టారు. ఇక సభ జరగదనే ఎవరైనా అనుకుంటారు. కాళోజీ లాంటి కవులు వెనక్కి తగ్గలేదు. కాలిన చోటే కవిసమ్మేళనం జరిగింది, దాశరథి అక్కడే నిలబడి కవిత చదివారు. అప్పటికి ఆయనకు ఇరవై ఏళ్లు అటూ ఇటూ. ఆ వయసువాడికి గొంతు ఎక్కడ పెంచాలో, ఎక్కడ దించాలో ఏ పాఠ్యపుస్తకం అంత గట్టిగా నేర్పుతుంది? ఎదురుగా ఉన్న జనానికి ఆ మాట అవసరం. అందరికీ వినపడాలి, ఒక్కసారి వింటే అర్థం కావాలి. దాశరథి పద్యంలో ధార అంత సూటిగా సాగడానికి ఇలాంటి సభలు కూడా కారణమని నా గట్టి నమ్మకం.

1953 జనవరిలో ఆలంపురంలో జరిగిన పరిషత్తు సభలు మరో రకం బడి. ఉపరాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ ప్రారంభకులు, నిర్వహణ భారం గడియారం రామకృష్ణశర్మ గారిది. కాళోజీ ‘నా గొడవ’ను శ్రీశ్రీ ఆవిష్కరించింది అక్కడే. పద్యం పట్టుకున్నవాళ్లూ, పద్యాన్ని వదిలి వచ్చినవాళ్లూ ఒకే వేదిక మీద కలిసినప్పుడు కింద కూర్చున్న కుర్రకారు ఎంత నేర్చుకుని ఉంటారో ఊహించుకోవచ్చు.

హైదరాబాదుకు మరో పాఠశాల కూడా ఉంది. అది ముషాయిరా, అంటే ఉర్దూ కవుల సభ. ఉర్దూ సంప్రదాయంలో శిష్యుడు రాసిన గజల్ ఉస్తాదు చేతికి వెళ్తుంది. ఆయన దిద్దుబాటును ఇస్లాహ్ అంటారు. తర్వాత శిష్యుడు దాన్ని సభలో చదవాలి. మాటగా చదివితే తహత్, రాగం కట్టి చదివితే తరన్నుమ్. మంచి పాదం పడితే శ్రోతలు ‘ముకర్రర్’ అని మళ్లీ చదివిస్తారు. ఈ సంప్రదాయం తెలుగు కవులనూ తాకింది. దాశరథి ఉర్దూ కవి గాలిబ్‌ను తెలుగు చేశారు. డిగ్రీ దాకా ఉర్దూ మాధ్యమంలో చదివిన సి. నారాయణరెడ్డి గారు తెలుగులో గజళ్లు రాసి తానే పాడి వినిపించారు. చాలా ఏళ్లు పరిషత్తు అధ్యక్షులుగా ఉన్న ఆయన సభలో నిలబడి గొంతెత్తితే మాట ఎక్కడ ఆగి పాట ఎక్కడ మొదలైందో తెలిసేది కాదు. పద్యం, గజల్ ఒకే గొంతులో ఇమిడిన ఆ పద్ధతి ఈ ఊరిది. దాన్ని మనం శ్రద్ధగా తర్వాతివాళ్లకు అందించాలి.

ఎందుకంటే నేటి పిల్లలకు పద్యం కాగితం మీదే పరిచయం అవుతోంది. ఉత్పలమాలకు భ, ర, న, భ, భ, ర, ల, గ అని బల్ల మీద రాసి, 20 అక్షరాలనీ, పదో అక్షరం యతి అనీ చెప్పి ఊరుకుంటాం. పిల్లవాడు పదో అక్షరం దగ్గర ఆగుతాడు. మాట మధ్యలో విరుగుతుంది, అర్థం పోతుంది. తెలుగు పద్యంలో యతి పలకరింపు మాత్రమే. మొదటి అక్షరాన్ని పదో అక్షరం పలకరించి ముందుకు సాగిపోతుంది. ఆగవలసింది అన్వయం పూర్తయిన చోట. ఈ తేడా చెవికి తెలియాలి. తెలిసిన రోజున ఆ పిల్లవాడు గణాలు లెక్కపెట్టడం మానేసి పద్యం కడతాడు.

కందమైతే ఇంకా మేలు. అన్నీ నాలుగు మాత్రల గణాలే కాబట్టి తాళం వేస్తూ నేర్పవచ్చు. బేసి స్థానంలో జగణం రాకూడదన్న నియమం ముందు చెప్పకుండా, అక్కడ జగణం పెట్టి చదివించండి. నడక తడబడటం వాళ్లకే తెలుస్తుంది. సూత్రం ఆ తర్వాత చెబితే చాలు.

పరిషత్తు నుంచి నేను కోరేది ఇలా చెవితో నేర్పే కార్యశాల. ఉపన్యాసాలు తగ్గించి, పది పదిహేను మందిని ఒక గదిలో కూర్చోబెట్టాలి. ముందు వినాలి, చాలాసేపు వినాలి. విన్నదాన్ని మాటల్లో విప్పి చెప్పాలి. అప్పుడు రాయాలి. రాసింది పెద్దవాళ్లు దిద్దాలి, దిద్దడమంటే కొట్టేయడం కాదు, ఎందుకు బాగాలేదో కవి చేతే పలికించి చూపడం. వచన కవిత రాసేవాళ్లనూ రమ్మనాలి. ఆగే చోటు వాళ్లకు ఇంకా ముఖ్యం, లెక్క చెప్పే గణం వాళ్లకు లేదు కనుక. చివరి సాయంత్రం తిలక్ రోడ్డులోని పరిషత్తు హాల్లోనే సభ పెట్టాలి. ఊరివాళ్లను పిలవాలి. బాగున్న పాదాన్ని మళ్లీ చదవమని అడిగే అలవాటు శ్రోతలకూ నేర్పాలి.