దీపావళితో ఏడాది లెక్కపెట్టే ఊరు

తమిళనాడులోని తిరుత్తంగల్ కొండమీది నిన్ర నారాయణ పెరుమాళ్ గుడి నూట ఎనిమిది వైష్ణవ దివ్యదేశాల్లో ఒకటి. ప్రాచీన తమిళ కావ్యం చిలప్పదికారంలోనూ ఈ ఊరి ప్రస్తావన ఉంది. అంత పాత ఊరు 2021లో పక్కనున్న శివకాశి కార్పొరేషన్‌లో కలిసిపోయింది. నిజానికి అంతకు చాలా ముందే దాని బతుకు శివకాశి టపాసుల మందుతో ముడిపడింది. ఇక్కడ ఏడాది అంటే ఒక దీపావళి నుంచి మరో దీపావళి దాకా.

ఇది కరిసల్ కాడు, నల్లరేగడి నేల. శతాబ్దాల కిందట తెలుగు కుటుంబాలు వలస వచ్చి నిలదొక్కుకున్న సీమ. కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసేవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ ఆ వలసనే ‘గోపల్ల గ్రామం’ పేరుతో తమిళ నవలగా రాశాడు. వానను నమ్ముకున్న సేద్యం ఎప్పుడు చెయ్యిస్తుందో తెలియదు. అయితే పైరును ఎండగట్టే ఆ పొడిగాలే అగ్గిపుల్లకు మేలు చేసింది. 1922లో శివకాశికి చెందిన అయ్య నాడార్, షణ్ముగ నాడార్ కలకత్తా వెళ్లి అగ్గిపెట్టెల తయారీ నేర్చుకుని వచ్చారు. 1940ల నాటికి టపాసులూ మొదలయ్యాయి. చేనివైపు చూస్తూ కూర్చున్న ఇళ్లకు వారంవారం కూలి రావడం మొదలైంది.

ఆ కూలి కోసం పిల్లలూ వెళ్లారు. బడి ఇచ్చే ఫలితం పదేళ్ల తర్వాతిది, పెట్టెలు అంటించిన డబ్బు ఈ రాత్రి పొయ్యి వెలిగిస్తుంది. న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన కేసులో 1996 డిసెంబరు 10న సుప్రీంకోర్టు ఈ చిక్కుముడి మీదే చెయ్యి పెట్టింది. పనిలో పెట్టుకున్న ఒక్కో బిడ్డకూ యజమాని 20,000 రూపాయలు జమ చేయాలి. ఆ ఇంట్లో పెద్దవాళ్లలో ఒకరికి ప్రభుత్వం పని చూపాలి, లేదా తన వంతుగా 5,000 రూపాయలు వేయాలి. అమలులో లోపాలు ఎన్ని ఉన్నా ఆ తీర్పులో ఒక వివేకం ఉంది. పిల్లల రేపటి గురించి అడిగే ముందు ఆ ఇంటి ఇవాళ్టి సంగతి చూసింది.

పంతొమ్మిదేళ్ల తర్వాత మళ్లీ పిల్లల పేరుతోనే మరో కేసు. 2015లో ఢిల్లీలో ఏడాది అటూఇటూ వయసున్న ముగ్గురు పసివాళ్ల తరఫున వాళ్ల తండ్రులు సుప్రీంకోర్టుకు వెళ్లారు. మా ఊపిరితిత్తులు ఇంకా ఎదుగుతున్నాయి, ఈ పొగ ఆపండి అన్నది వారి మొర. 2018 అక్టోబరు 23న తీర్పు వచ్చింది. బేరియం లవణాలు వాడకూడదు, సరాలు అమ్మకూడదు, దీపావళి రోజు రాత్రి ఎనిమిది నుంచి పది దాకానే కాల్చాలి.

బేరియం నైట్రేట్ లేకపోతే కాకరపువ్వొత్తి లేదు, చిచ్చుబుడ్డి లేదు. నవంబరులో శివకాశి ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. నెలల తరబడి తలుపులు తెరుచుకోలేదు. శివకాశి కూలీకి ముందుచూపు లేదనడం అన్యాయం. ఢిల్లీ తండ్రి ఇరవై ఏళ్ల తర్వాతి ఊపిరిని తలుచుకున్నాడు, ఇక్కడి తల్లి వచ్చే నెల బియ్యాన్ని తలుచుకుంది. ఇద్దరిదీ బిడ్డల దిగులే.

పర్యావరణ పరిశోధన సంస్థ నీరి శాస్త్రవేత్తలు స్వాస్, స్టార్, సఫల్ అనే పేర్లతో కొత్త మిశ్రమాలు తయారుచేశారు. ధూళికణాలు కనీసం ముప్పై శాతం తగ్గాలన్నది లక్ష్యం. ఆ మిశ్రమాల కోసం వందలాది తయారీదారులు నీరితో ఒప్పందాలు చేసుకున్నారు. చేతికి పని దొరికే దారి కనిపించాక తీర్పు మీద ఉన్న పంతం కొంత సడలింది.

అగ్గిపెట్టెల వాళ్ల కథ ఇంకోలా నడిచింది. వాడి పారేసే చౌక ప్లాస్టిక్ లైటర్లు తమ పొట్ట కొడుతున్నాయని కోవిల్‌పట్టి, సాత్తూరు, శివకాశి తయారీదారులు ఆపకుండా అడిగారు. 2023 జూన్‌లో కేంద్రం ఇరవై రూపాయల లోపు లైటర్ల దిగుమతిని ఆపింది. ప్లాస్టిక్ చెత్తను తగ్గించే ఈ కట్టడికి టపాసుల సీమే గట్టిగా మద్దతు పలికింది.

శివగంగ జిల్లా కొళ్లుకుడిపట్టిలో ఏ కోర్టూ ఏమీ చెప్పనక్కర లేకపోయింది. వేట్టంగుడి చెరువు చెట్లకు వలస పక్షులు వచ్చి గూళ్లు కడతాయి. అవి బెదిరిపోకూడదని ఆ ఊరివాళ్లు దశాబ్దాలుగా దీపావళికి టపాసులు కాల్చడం లేదు. పండగకు అటవీశాఖ ఆ ఊరివాళ్లకు మిఠాయిలు పంచుతుంది.