వానలు అంటే 304

మా అమ్మకి డెబ్భై ఆరేళ్లు. నాన్న పోయాక మా దగ్గరికే వచ్చేసింది. మాది అపార్ట్‌మెంటు, ఫ్లాట్ నంబరు 304. ప్రతి అంతస్తూ ఒకేలా ఉంటుంది, అదే రంగు తలుపు, అదే గుమ్మం. సాయంత్రం కిందకి వెళ్లి నలుగురితో కూర్చుని వచ్చేటప్పుడు అమ్మ నేరుగా 204 బెల్లు కొట్టేది. పాపం, వాళ్లు మంచివాళ్లు, నవ్వుతూ పైకి పంపేవారు. నాలుగోసారి అలా జరిగాక అమ్మ కిందకి వెళ్లడం మానేసింది. "ఓపిక లేదే" అంది. ఓపిక లేక కాదని నాకు తెలుసు. సిగ్గుపడింది.

కాగితం మీద నంబరు రాసి ఇచ్చాను. కాగితం ఎక్కడ పెట్టిందో మర్చిపోయింది.

ఒకరోజు మా అమ్మాయి సరళీ వరసలు పాడుకుంటోంది. వంటింట్లో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న అమ్మ తలెత్తకుండానే, "మాయామాళవగౌళ, పదిహేనో మేళం" అంది. నేను ఆగిపోయాను. ఇంటి నంబరు గుర్తులేని మనిషికి రాగం నంబరు ఎలా గుర్తుంది?

"గుర్తుండటమేమిటే, పేరులోనే ఉందిగా" అంది అమ్మ. చిన్నప్పుడు తెనాలిలో సంగీతం మాస్టారు నేర్పిన కటపయాది అది. నేను బి.ఏ. తెలుగులో ఆ మాట విన్నాను గానీ పరీక్షకి రాదని వదిలేశాను. ఈ వయసులో అమ్మ దగ్గర కూర్చుని నేర్చుకున్నాను.

లెక్క సులువే. మన హల్లులకి అంకెలు ఉంటాయి. క నుంచి ఝ వరకు వరసగా 1 నుంచి 9. ట నుంచి ధ వరకు మళ్లీ 1 నుంచి 9. ప నుంచి మ వరకు 1 నుంచి 5. య నుంచి హ వరకు 1 నుంచి 8. ఞ, న రెండూ సున్నాలు. మాట మొదట్లో ఉత్త అచ్చు వస్తే అదీ సున్నాయే. క, ట, ప, య నాలుగూ ఒకటితో మొదలవుతాయి కాబట్టి కటపయాది. గుణింతంతో పని లేదు, క అయినా కూ అయినా ఒకటే. సున్నాని, అంటే అనుస్వారాన్ని, లెక్కపెట్టరు. వచ్చిన అంకెల్ని వెనక నుంచి ముందుకి చదవాలి.

మాయా: మ 5, య 1. తిప్పితే 15. అంతే!

ఇక శంకరాభరణం చూడండి. శ 5, క 1. తిప్పితే అదీ 15 అవుతుంది. కానీ అది 29వ మేళం. అందుకే ముందు 'ధీర' చేర్చి ధీరశంకరాభరణం అన్నారు. ధ 9, ర 2, తిప్పితే 29. కల్యాణికి 'మేచ' చేరి 65, తోడికి 'హనుమ' చేరి 8 అయ్యాయి. తెలుగు నాయకరాజులు ఏలిన తంజావూరులో 17వ శతాబ్దంలో వేంకటమఖి 'చతుర్దండి ప్రకాశిక' రాసి 72 మేళాల పద్ధతి ఏర్పరిచాడు. తర్వాతివాళ్లు ఆ మేళాల పేర్లలోనే నంబర్లు ఇమిడ్చారు. 72వది రసికప్రియ. ర 2, స 7. మీరే తిప్పి చూసుకోండి.

అయితే ఈ పద్ధతి పుట్టింది పాటకోసం కాదు, నక్షత్రాల కోసం. దీన్ని బాగా వాడుకున్నది కేరళ జ్యోతిశ్శాస్త్రవేత్తలు. 683లో హరిదత్తుడు గ్రహగణితానికి వాడిన పుస్తకం దీనికి దొరికిన తొలి ఆధారాల్లో ఒకటి. 14వ శతాబ్దంలో పుట్టిన సంగమగ్రామ మాధవుడు త్రికోణమితిలో 24 జ్యా విలువల పట్టికని ఇలాగే మాటల్లో పెట్టాడు.

ఎందుకింత శ్రమ? ఆలోచిస్తే మన ఇళ్లలోనే జవాబు దొరుకుతుంది. పాలవాడి లెక్క మర్చిపోతాం గానీ ఐదో తరగతిలో నేర్చిన పద్యం మర్చిపోం. ఉత్త అంకెలు మనసుకి అంటుకోవు, అర్థం ఉన్న మాటలు అంటుకుంటాయి. పైగా తాటాకుల మీద చేత్తో రాసే రోజుల్లో ఒక అంకె తప్పు పడితే ఎవరికీ తెలియదు. అదే మాట తప్పు పడితే అర్థం చెడుతుంది, ఛందస్సు తప్పుతుంది, చదివేవాళ్లకి వెంటనే పట్టుబడుతుంది. చాలా అంకెలకి మూడు నాలుగు అక్షరాలున్నాయి కాబట్టి కవి తనకి కావలసిన అర్థం వచ్చే మాట ఎంచుకోవచ్చు.

అలా ఎంచుకున్న మాటల్లో నన్ను కట్టిపడేసింది ఒకటుంది. మేల్పత్తూరు నారాయణ భట్టతిరి వాతరోగంతో బాధపడుతూ గురువాయూరులో కూర్చుని 100 దశకాల 'నారాయణీయం' రాశాడని చెబుతారు. దాన్ని ముగించిన మాట ఆయురారోగ్యసౌఖ్యం. మన పెద్దవాళ్లు అక్షింతలు వేస్తూ అనే ఆయురారోగ్యాలే. ఆ మాట కటపయాదిలో లెక్కపెట్టండి. ఒత్తక్షరాల్లో చివరి హల్లునే తీసుకోవాలి. ఆ 0, యు 1, రా 2, రో 2, గ్య 1, సౌ 7, ఖ్యం 1. తిప్పితే 1712210. కలియుగం మొదలై గడిచిన రోజులు! మన క్యాలెండరులో 1586 సంవత్సరం చివరి నెలలు. జబ్బుపడ్డ మనిషి ఒకే మాటలో దీవెన పెట్టాడు, తేదీ కూడా వేశాడు.

అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా 304కి కూడా ఒక మాట దొరకదా? 304ని తిప్పితే 403. నాలుగుకి ఘ, ఢ, భ, వ. సున్నాకి న. మూడుకి గ, డ, బ, ల. కాగితం మీద కొట్టివేతలు, కొట్టివేతలు. చివరికి దొరికింది. వా, న, లు.

పొద్దున్నే అమ్మతో, "అమ్మా, మన ఇంటి పేరు వానలు" అన్నాను. ఒక్క క్షణం చూసింది. వేళ్లు కదిలాయి. "వ నాలుగు, న సున్నా, ల మూడు... మూడు వందల నాలుగు!" అని చిన్నపిల్లలా నవ్వింది. నంబరు నేను చెప్పలేదు, తనే లెక్కగట్టింది. తేడా అక్కడే ఉందనుకుంటాను.

ఆ సాయంత్రమే మళ్లీ కిందకి వెళ్లింది. ఇప్పటికీ నెలకోసారి 204 బెల్లు మోగుతుంది, అబద్ధం చెప్పను. కానీ వెళ్లడం మానలేదు. విషయం తెలిసిన మా వాచ్‌మన్ లిఫ్టు దగ్గర "వానలేనా అమ్మగారూ?" అంటాడట. ఎర్రటి ఎండలో ఆ మాట విని కొత్తగా అద్దెకొచ్చినవాళ్లు ఆకాశం వంక చూస్తున్నారు!

మీ ఇంట్లోనూ నంబర్లు మర్చిపోతున్న పెద్దవాళ్లు ఉంటే విసుక్కోకండి. వాళ్లు మర్చిపోనిది ఏదో తెలుసుకోండి. దారి అక్కడినుంచే వేయొచ్చు.